మూసీ వైపు తలుపు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో యాభై మంది విద్యార్థులను లాఠీల నుంచి కాపాడింది నేనే. చైతన్యపురి వెనక, మూసీ ఒడ్డున, ఎప్పుడో ఒక సేటు కట్టించిన హవేలీలో అప్పుడు మేం కిరాయికి ఉండేవాళ్లం. టేకు స్తంభాలు, డంగుసున్నం గోడలు, వరుసగా కమానులు, నదిలోకి దిగే మెట్ల మీద ఒక పెద్ద తలుపు. సేటు శవం ఆ తలుపులోంచే పోయిందట. మళ్లీ తీస్తే ఇంకో ప్రాణం పోతుందని ఆ ఇంటివాళ్ల భయం. సేటు కోడలు, అంటే మా ముసలి ఓనరమ్మ, రోజూ సాయంత్రం దాని గడియను తడిమి చూసుకునేది.

ఒక బంద్ నాడు హాస్టల్ పిల్లలు లోపలికి ఉరికొచ్చారు. వెనకే పోలీసులు వీధి తలుపు బాదుతున్నారు. నేను ఒక్క ఊపున నది వైపు గడియ పీకి...

సరే, యాభై కాదు, ఏడెనిమిది మంది. గడియ తీసింది కూడా ఓనరమ్మే. "ఉరుకుండ్రి బిడ్డా, నీళ్లు మోకాళ్ల దాకనే ఉంటయి" అంది, తలుపు బార్లా తోస్తూ. నేను స్తంభం చాటున ఉన్నాను. అది ఎంత లావో ఆరోజే తెలిసింది.

ఆ తర్వాత ఆమె ఆ తలుపు మూయనే లేదు. కంపు కొట్టినా, దోమలు కుట్టినా గడప మీదే కూర్చునేది. భయం పోయి గాలికి కూర్చుంటోందని నేను అందరికీ చెబుతూ వచ్చాను.

మొన్న ఇది రాసి చదివి వినిపిస్తే మా ఇంటామె, అదే నా భార్య, ఊరుకోలేదు.

"గాలి లేదు, గీలి లేదు. నీళ్లల్ల దిగిన పిల్లల్ల ఒకడు అవతలి గడ్డ ఎక్కలే. ఓనరమ్మ చూసింది. వాడు తిరిగొస్తే తలుపు మూసి ఉండొద్దని కూసున్నది."