పసుపు రాసిన మాగ

కరోనా తగ్గాక వచ్చిన రెండో చలికాలంలో మా ఆయనకు చేపల పిచ్చి పట్టుకుంది. అప్పటికి మేం గల్ఫ్‌లోని రువైస్‌కి వచ్చి చాలా ఏళ్లయింది. ఆయన ఒక కాంట్రాక్టు కంపెనీలో ఫిట్టరు, నేను ఆసుపత్రిలో నర్సుని. సెలవు రోజున తెల్లారగానే కారు తీసుకుని, ఊరికి కాస్త దూరంలో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక చిన్న అఖాతం ఒడ్డుకు వెళ్లేవారు. మధ్యాహ్నానికి ఒక మాగ చేపతో తిరిగొచ్చేవారు.

మాగ అనేది మా కాకినాడ వైపు మాట. ఇక్కడి హిందీవాళ్లు రావస్ అంటారు. సూపర్‌మార్కెట్‌లో ఇండియన్ సాల్మన్ అని రాసి పెడతారు. గడ్డం కింద దారాల్లాంటి మీసాలుంటాయి. నీళ్లు చల్లబడ్డాక పోటుతో పాటు ఒడ్డు దగ్గరకు మేతకొస్తుంది. రొయ్య ముక్క గుచ్చి గాలం విసిరితే, ఓపికుంటే దొరుకుతుంది. మా నాన్న పడవ మీద వేటకెళ్లేవాడు, అమ్మ రేవులో చేపలమ్మేది. చేప విషయంలో నాకు కథలు చెప్పి నమ్మించడం కష్టం.

మొదటిసారి తెచ్చిన రోజే నాకు ఏదో తేడాగా అనిపించింది. చేప పొలుసు తీసి, పొట్ట శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ రాసి, రెండు కవర్లలో చుట్టి ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఈ మనిషి ఒక్క చేపకు పొలుసు తీసి ఎరగడు.

"ఎవరు కోశారండీ?"

"నేనే."

"పసుపు ఎక్కడిది?"

"ఇంట్లోంచి తీసుకెళ్లాను."

మా ఇంట్లో పసుపు డబ్బా ఏ అరలో ఉంటుందో ఆయనకు తెలియదు. పులుసు పెట్టాను, ఇద్దరం తిన్నాం.

బజార్లో కొని తెస్తున్నారేమో అనుకున్నాను. కాదు, పెదవి మూలన గాలం గుచ్చుకున్న చిల్లు ఉంది. వల చేపకు అలా ఉండదు. మరి గాలానికే పడితే ఆయన వేళ్లకు రొయ్య వాసన ఉండాలి. అది సబ్బుకి అంత తేలిగ్గా పోదు. అన్నం వడ్డిస్తున్నట్టు దగ్గరకెళ్లి చూశాను. ఏ వాసనా లేదు. అంటే చేపను ఎవరో పట్టారు, ఎవరో కోశారు, ఎవరో పసుపు రాశారు. పసుపు రాసి ఇవ్వాలన్న ఆలోచన ఒడ్డున నిలబడ్డ మగవాడికి వస్తుందా?

ఒకసారి అనుమానం మొదలయ్యాక అన్నీ దానికే సాక్ష్యం చెప్పాయి. ఎప్పుడూ చొక్కాలేసుకునే మనిషి టీషర్టులు కొనుక్కున్నారు. చేత్తో కలుపుకుని తింటేగాని అన్నం తిన్నట్టుండదనే మనిషి చెంచా అడగడం మొదలెట్టారు. "ఇదేం కొత్త అలవాటు?" అంటే, "సైటులో అందరూ ఇలాగే తింటున్నారు" అన్నారు. ఫోన్‌లో మెసేజీలు టైపు చేయడం మానేసి, బాల్కనీలోకి వెళ్లి మెల్లగా మాట్లాడి వాయిస్ పంపేవారు. ఒక సాయంత్రం బట్టలు ఆరేయడానికి వెళ్తూ తలుపు దగ్గర ఆగిపోయాను. "రేపు పెందలాడే వచ్చేయ్. మిగతావాళ్లు రాకముందే మనం ఉండాలి," అంటున్నారు.

ఆ వారమంతా వార్డులో పేషెంట్లకు మందులిస్తున్నా ఆ మాటే వినబడింది. మిగతావాళ్లు ఎవరు? మనం ఎవరు?

తర్వాతి వారం డ్యూటీ మార్పించుకున్నాను. ఆయన బయలుదేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను.

"నువ్వెందుకు? ఎండలో నిలబడాలి."

"చలికాలం ఎండేగా. చాలా రోజులైంది సముద్రం దగ్గర నిలబడి."

ఆయన తాళాలు తీసుకుని కాసేపు గుమ్మంలోనే ఉండిపోయారు. తర్వాత, "సరే, రా," అన్నారు. ఆయన ఎడమ చేత్తోనే స్టీరింగ్ తిప్పుతున్నారని చూశాను గాని, దాని గురించి ఆలోచించలేదు. ఒడ్డున ఎవరుంటారో అన్నదే నా ఆలోచన.

ఒడ్డున ఉన్నది ఒక్క మగమనిషి. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది, లేబర్ క్యాంపులో ఉంటాడు, మా ఆయన సైటులోనే పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని. పేరు విన్నాను గాని చూడడం అదే మొదలు. నన్ను చూడగానే లేచి, "వదినా, మీరు గూడ వచ్చిండ్రా," అని మా ఆయన వైపు చూశాడు. ఆ చూపులో ఏదో ఉంది. నాకు దిగులు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఇతను కాపలా మనిషేమో అనుకున్నాను. చుట్టూ చూశాను. మడ చెట్లు, బురద ఇసుక, దూరంగా రిఫైనరీ గొట్టాలు. ఇంకెవరూ లేరు.

పోటు మొదలైంది. అతను రెండు గాలాలకూ రొయ్య ముక్కలు తనే గుచ్చాడు, ముడులు తనే వేశాడు, రెండూ తనే విసిరాడు. ఒక గాలం రాడ్ మా ఆయనకు ఇచ్చాడు. ఈయన దాన్ని చేత్తో పట్టుకోలేదు, కుడి మోచేతి కింద ఇరికించుకున్నారు. నేను కాస్త వెనకగా రాయి మీద కూర్చుని ఇద్దరినీ చూస్తున్నాను.

చాలాసేపటికి ఆయన రాడ్ కొస ఒక్కసారి వంగింది. ఆయన కుడి చేత్తో పట్టుకోబోయారు. వేళ్లు మూసుకోలేదు. రాడ్ జారి ఇసుక మీద పడి నీళ్లలోకి ఈడ్చుకుపోతోంది. అతను బూట్లతోనే పరిగెత్తి, మోకాలి లోతులో దాన్ని అందుకుని, చేపను మెల్లగా లాగుతూ ఒడ్డుకు తెచ్చాడు. మంచి మాగ, మోచేతి పొడవుంది. నేను చేప వైపు చూడలేదు. లేచి వెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ కరిగిపోయి గుంట పడింది.

"బొటనవేలూ చూపుడువేలూ కలిపి గట్టిగా నొక్కండి."

ఆయన నొక్కారు. నా చిటికెన వేలు వాటి మధ్య పెట్టి లాగితే ఇట్టే వచ్చేసింది.

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి. మొదట తిమ్మిర్లే. సైటులో గ్రైండర్ పట్టుకుంటే అందరికీ వచ్చేదే కదా అనుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే డాక్టరు దగ్గరకు లాక్కెళ్తావు. కాగితాల్లో పడితే అన్‌ఫిట్ అంటారు. ఖలాస్, ఇంటికే. సెలవు రోజంతా ఇంట్లో ఉంటే నీకు తెలిసిపోతుందని ఇక్కడికొస్తున్నాను. సైటువాళ్లు ఒడ్డుకొచ్చేలోపు వెళ్లిపోతాం."

అతను తడి బూట్లతో నిలబడి, "నేనైతే చెప్పమన్న వదినా. అన్ననే వద్దన్నడు," అన్నాడు. తర్వాత చేపను చెక్క పలక మీద పెట్టి పొలుసు తీయసాగాడు. సంచిలోంచి చిన్న సీసా తీశాడు, అందులో ఉప్పూ పసుపూ కలిపి ఉన్నాయి. క్యాంపులో వంట అతనిదే. గదిలో ఫ్రిజ్ ఎప్పుడూ నిండి ఉంటుందట, చేప పాడుకాకుండా ఇలా రాసి పెట్టుకోవడం అలవాటట.

కారులో తిరిగొస్తూ నేనేమనుకున్నానో చెప్పాను. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చాలా దూరం వచ్చాక, "ఈ చెయ్యి కంటే అదే నయంగా ఉండేదేమో నీకు," అన్నారు. నాకు ఒళ్లు మండింది.

అబూ ధాబీలో పరీక్షలు చేయించాం. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందన్నారు. చిన్న ఆపరేషన్ చేశారు. ఆయన భయపడ్డట్టు పంపించెయ్యలేదు గాని, పనిముట్ల పని నుంచి తీసి స్టోరులో వేశారు. ఆయనకది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. పట్టు సగమే తిరిగొచ్చింది. "బాగుంది" అని ఆయనంటే నేను నమ్మను. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు అద్దంలో చూస్తాను. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు, అందుకని అటు తిరిగి పెట్టుకుంటారు. ఆ నిలబడ్డ తీరు కూడా నాకు అనుమానమే.

ఆ జగిత్యాల స్నేహితుణ్ణి కంపెనీ దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని క్యాంపుకు మార్చింది. పోయిన చలికాలం నుంచి మా ఆయనతో నేనే వెళ్తున్నాను. గాలం దారం చుట్టే రీల్ ఎడమ చేత్తో తిప్పడం నేర్చుకున్నారు. రొయ్య గుచ్చడం నా పని, విసరడం ఆయన పని. మొన్న ఒక పొద్దున పోటు పూర్తిగా వచ్చి వెనక్కి మళ్లేదాకా నిలబడ్డాం. ఒక్కటీ తగల్లేదు. ఇంటికొచ్చి కోడిగుడ్లు పొరటు చేసుకుని తిన్నాం.