నక్క తోకలో ఒక గడి

మా సుమియేది మొండిపట్టు. పాత కంప్యూటర్ ఆటను మళ్లీ విడుదల చేస్తే అందులో ఒక్క చుక్క కూడా మార్చకూడదంటుంది. హక్కుదారు సంతకానికి బదులుగా తన ముద్ర వేయనిదే అసలు విడుదలే చేయకూడదంటుంది. టోక్యోలోని మా చిన్న సంస్థలో ఇరవై ఏళ్లుగా ఆవిడ పని, ఎప్పుడో మూతపడ్డ కంపెనీల వాళ్లను వెతికి పట్టుకోవడం. ఒప్పందాలు రాసేది నేను. ఆవిడ పుణ్యమా అని తిరగరాసేదీ నేనే.

నక్క ఆట అనే ఒక పాత ఆట దగ్గర మా యజమానికి ఓపిక నశించింది. నెట్‌లో అందరూ ఉచితంగా పంచుకుంటున్నారు, చేసినాయన పోయి పదేళ్లయింది, ఇక అడిగేదెవరన్నాడు.

"నలుగురూ ఎత్తుకుపోతున్నారని మనమూ ఎత్తుకుపోదామా?" అని సుమియే తకమత్సు రైలెక్కింది. నన్నూ లాక్కెళ్లింది.

ఆ ఆట చేసిన హమనో క్యూజో భార్య చిసె అక్కడ ఉడాన్ నూడుల్స్ కొట్టు నడుపుతోంది. మేం తెచ్చిన మిఠాయి పెట్టె అందుకుని, మా ముందు వేడి గిన్నెలు పెట్టి, ఒప్పందం చదవకుండానే భర్త వాడిన ఇంటిపేరు ముద్ర తెచ్చింది. ఆట మొత్తం క్యూజో ఒక్కడి సృష్టేనని అందులో నేనే రాశాను. పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉడాన్ జుర్రుకుంటున్నాను.

అంతలో చిసె చూపు ఒప్పందం పక్కనే ఉన్న ఆట తెర ఫొటో మీద పడింది.

"ఈ నక్క తోక ఒక గడి తక్కువండీ. ఆ రోజు గడికో చుక్కగా బొమ్మ వేసే గళ్ల కాగితం అయిపోయింది. రేపు సరిచేస్తానంటే మా ఆయన ఆగితేనా!"

సుమియే గిన్నె పక్కకు జరిపింది. "బొమ్మలు మీరు వేశారా?"

"అన్నీ నేనే వేశాను. పేరు మాత్రం ఆయనదే పడింది లెండి. ఇంట్లో చేసిన పనికి పేరేమిటన్నారు."

నవ్వుతూనే చెప్పింది. కానీ ముద్ర పట్టుకున్న చెయ్యి కాగితం మీదికి రాలేదు.

మేం నోరు మూసుకుంటే ఆ ముద్ర ఒప్పందం మీద పడిపోయేది. సుమియే కాగితం వెనక్కి లాక్కుంది. బొమ్మలు ఆయనకు రాసిచ్చారా అని అడిగింది. లేదని చెప్పగానే, అయితే అవి మీవే, పేరు వేయమనే హక్కూ మీదే, అసలు ఇవ్వననే హక్కూ మీదే అంది. "మీ పేరు లేకుండా ఈ ఆట నేను బయటికి పంపను."

తిరుగు రైల్లో నేను ఊరుకోలేదు. ఒక్క చుక్క మార్చకూడదనే మనిషి ఇప్పుడు పేరెలా చేరుస్తుందని దెప్పాను.

"చేర్చడం కాదయ్యా. అప్పుడు ఎగ్గొట్టిన పేరు ఇప్పుడు ఇస్తున్నాం."

నాకు ఒళ్లు మండింది, కానీ తిరగరాశాను.

మూడు వారాల తర్వాత వెళ్తే చిసె కొత్త ముద్ర తీసింది. అందులో ఇంటిపేరు లేదు. 'చిసె' అని మాత్రమే ఉంది. ఇంటిపేరు మర్చిపోయారమ్మా అని చెక్కేవాడు గుర్తుచేస్తే, మర్చిపోలేదని చెప్పిందట. ఎర్ర సిరా అద్ది రెండు చేతులతో ఒత్తింది. నా కళ్లు చెమర్చాయి.

తర్వాత మెల్లిగా అడిగింది. "పనిలో పని, ఆ తోక కూడా సరిచేసేద్దామా?"

"తోక జోలికి వెళ్లకండి," అంది సుమియే. "అది మీరు వేసిన తోక."