కొసానా ఎడమ చెంప

సెర్బియాలోని సోంబోర్‌లో జార్కో స్టూడియోలో పనిచేసినన్నాళ్ళూ నెవెంకా పొద్దున్న తలుపు తీయగానే కస్టమర్ల స్టూలు మీద ముందు తనే కూర్చునేది. రెండు లైట్లూ వేసుకుని, వీపు నిటారుగా పెట్టి, మూత తీయని కెమెరా వంక ఒక నిమిషం చూసేది. ఫొటో కోసం కాదు. ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ళకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదని, మెడ దానంతటదే బిగుసుకుంటుందని రోజుకోసారి గుర్తుచేసుకోవడానికి. ఆ నిమిషం పూర్తయ్యేలోపు జార్కో వెనకగదిలోంచి కాఫీగిన్నె పట్టుకుని వచ్చేవాడు.

“ఏరా, ఇవాళ్టి మొదటి బేరం ఎలా ఉంది?”

“ముక్కు కాస్త పెద్దది బాబాయ్.”

“ముక్కు దేవుడి పని. దాని నీడ మన పని. లైటు కాస్త ముందుకి జరుపు.”

జార్కోకి అరవై మూడేళ్ళు. రీళ్ళ కాలంలో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో ఊళ్ళో సగం మంది ముడతలు మాన్పిన మనిషి. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కంప్యూటర్ ముందు కూర్చుంటే పది నిమిషాల్లో కళ్ళు నీళ్ళు కారతాయి. అందుకే ఆ పనంతా నెవెంకాకి అప్పగించాడు. ఆమె నోవీ సాద్‌లో ఒక కాలేజీలో ఫొటోగ్రఫీ మూడో సంవత్సరం చదువుతోంది. వారంలో రెండు రోజులు బస్సెక్కి క్లాసులకి వెళ్ళేది, మిగతా రోజులు స్టూడియోలో. వాళ్ళ ఇంట్లో పెద్ద చదువుకి వెళ్ళిన మొదటి మనిషి ఆమే. చెప్పుల కార్ఖానాలో కుట్టుమిషను తొక్కే వాళ్ళమ్మ, కూతురు ఫలానా చదువుతోందని చెప్పడానికి పక్కింటివాళ్ళు అడిగేదాకా కూడా ఆగేది కాదు.

మే నెల వచ్చిందంటే స్టూడియోలో ఊపిరాడదు. చదువు ముగించే ప్రతి తరగతీ తమ ముఖాలన్నీ ఒకే పెద్ద అట్ట మీద పేర్పించుకుని, ప్రధానవీధిలో ఏదో ఒక దుకాణం అద్దం వెనక వేసవంతా పెట్టించుకుంటుంది. దాన్ని తాబ్లో అంటారు. సాయంత్రాలు ఐస్‌క్రీములు తింటూ ఊరంతా ఆ అద్దాల ముందు నిలబడి, ఎవరి పిల్ల ఎలా ఎదిగిందో తేల్చేస్తారు. ఆ ఏడు హోటలు వంట చదివే పిల్లలు ఇరవై ఆరుమంది వంటవాళ్ళ తెల్లకోట్లు తొడుక్కుని స్టూడియో మీద పడ్డారు.

“నెవెంకా, వీడి చెవులు కొంచెం కత్తిరించు. లేకపోతే పక్కవాడి ఫొటోలోకి వచ్చేస్తాయి.”

“నీ మొటిమలు తియ్యడానికే ఆమెకి వారం పడుతుంది. నోరు మూసుకో.”

అందరూ వెళ్ళిపోయాక ఒకమ్మాయి మిగిలింది. పేరు కొసానా. జుట్టు ఎడమవైపు ముందుకి దువ్వుకుంది. కిందటి అక్టోబరులో కాలువ గట్టున ఉన్న చేపల హోటల్లో పని నేర్చుకుంటుండగా, కాగే నూనె గిన్నె ఒరిగి, నూనె ఆమె చెంప మీద పడింది. గిన్నె పిడి విరిగితే తీగతో కట్టి వాడుతున్నారు. హోటలు యజమాని మిలుటిన్ ఆంబులెన్సు పిలవనివ్వలేదు. తనకి తెలిసిన నర్సుని పిలిపించి, మందు పూయించి, “పెళ్ళినాటికి మచ్చకూడా మిగలదులే” అన్నాడు. చెవి కింద మొదలై గడ్డం దాకా, చర్మం తాడులా లేచి గట్టిపడి మిగిలింది.

“దీన్ని తీసెయ్యగలవా?” అంది కొసానా. “ఒక్క ఫొటోలోనే. మా అమ్మ హాల్లో పెట్టుకుంటుందట. అద్దంలో ఎలాగూ రోజూ చూస్తున్నాం కదా.”

“కూర్చో. జుట్టు వెనక్కి కట్టెయ్.”

“వెనక్కా?”

“తియ్యాలంటే ముందు నాకు కనపడాలి కదా.”

కొసానా కట్టుకుంది. ఏడు నెలల తర్వాత బయటి మనిషి ముందు మొదటిసారి. నెవెంకా అది గమనించి, లైటు సర్దింది.

సరిగ్గా అప్పుడే నెవెంకాకి పరీక్ష పని ఒకటి బాకీ ఉంది. స్టూడియోలో తీసిన ఒక్క ముఖం, వెలుగుతో మాత్రమే తీర్చిదిద్దినది, కంప్యూటర్ తాకనిది. “నాకు ఫైళ్ళొద్దు. ప్రింటు, కింద మీ సంతకం చాలు. మీ మాట నమ్ముతాను” అంది వాళ్ళ ప్రొఫెసరమ్మ. జార్కో జీవితమంతా చెప్పిన మాటా అదే. వెలుగుకి ఓపిక పడితే దాచలేనిది లేదని. నెవెంకా ఆ మధ్యాహ్నం కొసానా మీద నిజంగానే ప్రయత్నించింది. ముఖం తిప్పింది, ఎడమవైపు నీడలోకి నెట్టింది, నల్లగుడ్డ అడ్డం పెట్టింది. ఎంత నీడలో పెట్టినా ఆ లేచిన చర్మం అంచు ఒక గీతలా మెరుస్తూనే ఉంది. నలభై ఫొటోల తర్వాత కొసానా అలసిపోయి నవ్వేసింది. ఆ నవ్వులో తీసిందే అన్నిట్లోకీ బాగుంది. గీత మాత్రం అలాగే ఉంది.

మర్నాడు కంప్యూటర్‌లో నెవెంకా కుడి చెంప చర్మాన్ని ఎత్తి, తిరగేసి, ఎడమ చెంప మీద పరిచింది. అంచులు కలిపింది. నీడ మళ్ళీ వేసింది. చర్మం మీది సూక్ష్మమైన గుంతలు కూడా ఒక్కొక్కటే సరిచేసింది. మధ్యాహ్నానికి కొసానా, నూనె పడకపోయి ఉంటే ఎలా ఉండేదో అలా తెరమీద నవ్వుతోంది. తాబ్లోకి ఆ ఫొటో వెళ్ళింది. ఒకటి కొసానా వాళ్ళ హాలుకి వెళ్ళింది. గడువు రెండు రోజుల్లో ఉందనగా, ఇంకో ప్రింటు తీసి, కింద ‘వెలుగు మాత్రమే’ అని రాసి, నెవెంకా సంతకం చేసింది. స్టూడియో బిల్లు మీద చేసినంత మామూలుగా చేసింది. అదే తర్వాత ఆమెని ఎక్కువ బాధపెట్టింది.

పదికి పది వచ్చాయి. తరగతిలో మొదటి స్థానం. జార్కో మాంసం కూరిన బూరెక్ రొట్టెలు తెప్పించి వీధిలో పోయేవాళ్ళకి కూడా ముక్కలు పెట్టాడు. ఫొటోని చట్రంలో బిగించి తన స్టూడియో ముందరి అద్దంలో అందరికీ కనపడేలా పెట్టాడు. కింద ప్రొఫెసరమ్మ రాసి ఇచ్చిన అట్టముక్క: ‘కంప్యూటర్ దిద్దుబాటు లేని ముఖచిత్రం. మొదటి బహుమతి.’

“బాబాయ్, అది తీసెయ్. సిగ్గేస్తోంది.”

“నీ సిగ్గు నీ దగ్గర పెట్టుకో. అద్దం నాది.”

జూన్, జూలై, ఆగస్టు ఆ ఫొటో అక్కడే ఉంది. నెవెంకా పొద్దున్నే వీధికి అవతలి వైపు నుంచి నడిచి రావడం అలవాటు చేసుకుంది.

అక్టోబరు చివర ఒక ఉదయం కొసానా స్టూడియోలోకి వచ్చింది. ఈసారి జుట్టు వెనక్కి కట్టి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“కోర్టుకెళ్ళాం కదా, మిలుటిన్ మీద. బెల్‌గ్రేడ్‌లో ఆపరేషన్ చేయించాలని, తప్పు తనదని ఒప్పుకోవాలని. వాళ్ళ లాయరు ఏమన్నాడో తెలుసా? మా హోటల్లో కాలింది ఎప్పుడో మానిపోయింది, ఈ మచ్చ వేసవిలో ఇంకెక్కడో తెచ్చుకుందీ అన్నాడు. నేను జూలైలో మాంసం కాల్చే కొట్లో చేశాను కదా, అక్కడట. రుజువేంటంటే తాబ్లో చూపించాడు. మే నెల్లో చెంప చూడండి, పాలమీగడ అన్నాడు.”

“తాబ్లో ఫొటోలు దిద్దుతారని చిన్నపిల్లలకి కూడా తెలుసు” అన్నాడు జార్కో.

“జడ్జిగారూ అదే అన్నారు. అప్పుడు వాడు మీ అద్దంలో ఉన్నదాన్ని ఫొటో తీసి తెచ్చినది చూపించాడు. కింద అట్టముక్కతో సహా. ఇది దిద్దింది కాదు, కాలేజీయే రాసిచ్చింది అన్నాడు.” కొసానా నెవెంకా వైపు తిరిగింది. “మూడు వారాలు గడువిచ్చారు. నువ్వొచ్చి దిద్దానని చెప్తే చాలు. అసలు ఫొటో ఉంటుంది కదా, తారీఖుతో?”

“మరి మీ క్లాసువాళ్ళు చెప్పరా?” అంది నెవెంకా. అడిగాక ఆ ప్రశ్న తనకే రోతగా అనిపించింది.

“సగం మంది మిలుటిన్ దగ్గరే పనికి చేరారు. మిగతావాళ్ళు స్నేహం కొద్దీ చెప్తున్నారంటాడు ఆ లాయరు.”

“ఉండమ్మా” అన్నాడు జార్కో. “తాబ్లో వేరు, అద్దంలోది వేరు. అద్దంలోది దిద్దింది కాదు. అది వెలుగుతో తీసింది.”

కొసానా ఆయన్ని చూసింది. తర్వాత నెవెంకాని చూసింది. నెవెంకా కెమెరా మూత తీసి, మళ్ళీ పెట్టింది.

“నీడలో పెట్టి తీశావు కదరా?”

నెవెంకా లైటు ఆపేసింది. కొసానా గుమ్మం దాకా నడిచి, “మా అమ్మ ఆ ఫొటోని రోజూ గుడ్డతో తుడిచేది. ఇప్పుడు దాన్ని బీరువా మీద బోర్లా పెట్టింది” అని చెప్పి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయింది. విసిరి వేసినా బాగుండేదనిపించింది నెవెంకాకి.

రెండు వారాలు ఆమె ఏమీ చెయ్యలేదు. బస్సులో నోవీ సాద్ వెళ్ళింది, వచ్చింది. కోర్టులో ఆ మాట చెప్తే కాలేజీలో తన సంతకం అబద్ధమని చెప్పినట్టే. మార్కులు పోతాయి, బహుశా చదువే పోతుంది. చెప్పకపోతే ఆ చెంప ఎవరి పాపమూ కాకుండా పోతుంది. పగలంతా ఎవరో ఒకరి ముఖం దిద్దుతూ కూర్చునేది. మొటిమ తీసెయ్యడానికి బాణం గుర్తు పెట్టి, నొక్కకుండా అలాగే ఉండిపోయేది. ఆ రోజుల్లో పొద్దున్న స్టూలు మీద కూర్చోవడం మానేసింది. జార్కో కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు, మొదటి బేరం గురించి అడిగేవాడు కాదు.

చివరికి ఒక సోమవారం, కాఫీ కప్పు ముట్టుకోకుండా, “బాబాయ్, ఆ ఫొటో దిద్దింది” అంది.

“తెలుసు.”

నెవెంకా తలెత్తి చూసింది.

“కుడి చెంప మీద మూడు చిన్న పుట్టుమచ్చలున్నాయి, త్రికోణంలా. ఎడమ చెంప మీద కూడా అవే మూడు, అద్దంలో చూసినట్టు. చట్రం బిగించే రోజే భూతద్దం పెట్టి చూశాను. నా కళ్ళు పోయాయి గానీ నలభై ఏళ్ళ పని పోలేదు.”

“తెలిసీ అద్దంలో ఎందుకు పెట్టావు?”

జార్కో ముట్టని ఆ కప్పుని పక్కకి జరిపాడు. “నా దగ్గర నేర్చుకున్న పిల్లకి పదికి పది వచ్చిందని ఊరు చూడాలనుకున్నాను. వెలుగుతోనే అయిందని... నాకూ నమ్మాలనిపించింది.” తర్వాత లేచి, వెనకగదిలోంచి ఒక పాత హార్డ్‌డిస్కు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నెగెటివ్‌లు దాచినట్టే, కెమెరాలోంచి వచ్చిన ప్రతి ఫొటోనీ దిద్దకముందే అందులోకి ఎక్కించుకోవడం ఆయన అలవాటు. “మే పద్నాలుగు. నలభై ఒక్క ఫొటోలూ ఉన్నాయి. నేను నిన్ను వెళ్ళమననూ, వెళ్ళొద్దననూ.”

ఆ మధ్యాహ్నం నెవెంకా నోవీ సాద్ బస్సెక్కి ముందు ప్రొఫెసరమ్మకి చెప్పింది. ఆవిడ కోప్పడలేదు. “మీ మాట నమ్ముతానన్నాను కదా” అంది అంతే. తర్వాత గురువారం నెవెంకా కోర్టుకెళ్ళింది. దిద్దని ఫొటోల్లో మొట్టమొదటిదాన్ని, నీడ వెయ్యకముందు ఎడమ చెంప నిండుగా వెలుగులో ఉన్నదాన్ని, పెద్దదిగా ప్రింటు తీసి తీసుకెళ్ళింది.

“నెవెంకా పెకారోవ్ గారూ,” అన్నాడు మిలుటిన్ లాయరు, “దిద్దలేదని కాలేజీలో సంతకం చేశారు. దిద్దానని ఇక్కడ చెప్తున్నారు. ఏది అబద్ధం?”

“అక్కడిది.”

“మీ సంతకానికి విలువ లేదన్నమాట.”

“సంతకానికి లేదు. ఫొటో మీద కెమెరా వేసిన తారీఖు ఉంది. అది నేను వేసింది కాదు.”

ప్రింటు జడ్జి దగ్గర్నుంచి గుమాస్తాకి, గుమాస్తా నుంచి లాయర్లకి చేతులు మారింది. వెనకవరసలో ఎవరో “అయ్యో” అన్నారు. కొసానా ముందు వరసలో, ఆ ఫొటో వైపు కాకుండా నేల వైపు చూస్తూ కూర్చుంది. మిలుటిన్ తన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

తప్పు హోటలుదేనని తేలడానికి చలికాలం అంతా పట్టింది. తీర్పొచ్చిన రోజు కోర్టు మెట్ల మీద నెవెంకా కొసానా దగ్గరికి వెళ్ళింది. ఏమని చెప్పాలో ముందే అనుకుని వచ్చింది, కానీ కొసానాయే ముందు మాట్లాడింది.

“థాంక్స్. నిజంగానే. కానీ ఆ ఫొటో ఇప్పుడు కోర్టు కాగితాల్లో ఉంది, ఎప్పటికీ ఉంటుంది. అందరూ చూసి తల తిప్పుకున్నారు. ఆ రోజు జుట్టు కట్టింది నీ ఒక్కదాని కోసం, నెవెంకా.”

“నాకు తెలుసు.”

“తెలిస్తే ఇంకేం మాట్లాడకు.”

వాళ్ళిద్దరూ తర్వాత ఎప్పుడూ కలుసుకోలేదు. కొసానాకి బెల్‌గ్రేడ్‌లో రెండు ఆపరేషన్లు అయ్యాయని, చెంప పూర్తిగా సరికాలేదని, ఆమె ఒక ఆస్ట్రియా హోటల్లో వంటకి కుదిరిందని ఎవరో చెప్పారు.

కాలేజీ ఆ పది మార్కులూ కొట్టేసి, ఆ సంవత్సరం మళ్ళీ చదవమంది. నెవెంకా వెళ్ళలేదు. వాళ్ళమ్మ పక్కింటివాళ్ళతో మాట్లాడటం తగ్గించింది. కార్ఖానా నుంచి వచ్చేటప్పుడు పెరటి దారిన ఇంటికి వచ్చేది. జార్కో అద్దంలోంచి చట్రం తీసేసి, అందులో తన పెళ్ళినాటి ఫొటో పెట్టాడు. తర్వాతి వేసవికి తాబ్లో పని వేరే స్టూడియోకి పోయింది. ఆ సంవత్సరమే ఆయన కళ్ళ ఆపరేషన్ చేయించుకుని, స్టూడియో అమ్మేశాడు. చివరి రోజు స్టూలు నెవెంకాకి ఇచ్చాడు. “తీసుకెళ్ళరా. ఎవడైనా కొనుక్కుంటే పూలకుండీ పెట్టుకుంటాడు.”

నెవెంకా ఇప్పుడు నోవీ సాద్‌లో ఒక ఆసుపత్రి చర్మవిభాగంలో ఫొటోలు తీస్తుంది. ప్రతి మచ్చ పక్కనా చిన్న కొలబద్ద పెట్టి తీస్తుంది.