పంపు స్టవ్వు, పవరు లేని కళ్ళజోడు

ఆ రోజుల్లో మా వైపు జబ్బులకి కూడా పరువు మర్యాదలు ఉండేవి. జ్వరం వస్తే ఇరుగుపొరుగు వాళ్ళు బార్లీ కాచి తెచ్చేవాళ్ళు. దయ్యం పడితే ఇంకా గొప్ప, చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చి, చూసి, భోంచేసి మరీ వెళ్ళేవాళ్ళు. మనసుకి జబ్బు చేస్తే మాత్రం దాని పేరెత్తేవాళ్ళు కాదు. దానికి వైద్యం చేసే ఆయన్ని మా జగ్గయ్యపేటలో ‘పిచ్చి డాక్టరు’ అనేవాళ్ళు (పిచ్చికి డాక్టరా, పిచ్చి ఉన్న డాక్టరా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు). ఆయన దగ్గరికి వెళ్ళడం కంటే జైలుకి వెళ్ళడం నయం, జైలుకి వెళ్ళొచ్చిన వాళ్ళలో కొందరికి పూలదండలు పడటం మేమే చూశాం. నేను పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు, వినడానికి మీకు సిగ్గయితే అది మీ ఇష్టం.

అప్పటికి అరవైలు సగం దాటాయి, నాకు ఇరవయ్యేళ్ళు. టీచరు ట్రైనింగు పూర్తిచేసి నందిగామలో ఆడపిల్లల స్కూల్లో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఒంటరిగా అక్కడ గది తీసుకుని ఉంటానంటే నాన్న మెత్తబడ్డాడు గానీ అత్తయ్య మెత్తబడలేదు. అత్తయ్యంటే నాన్నకి అక్క. అమ్మ చిన్నప్పుడే పోతే నన్ను పెంచింది ఆవిడే. ఊళ్ళో ఆవిణ్ణి కలెక్టరత్తయ్య అనేవాళ్ళు, ఆవిడ ఊఁ అననిదే మా ఇంట్లో పొయ్యి కూడా రాజుకునేది కాదు. చివరికి ఒక షరతు మీద ఊఁ అంది. “ఏ చిన్న తేడా వచ్చినా పెట్టే బేడా సర్దుకుని ఇంటికొచ్చెయ్యాలి. మళ్ళీ నందిగామ మాట ఎత్తకూడదు” అంది. నేను అప్పటి ఉత్సాహంలో ఆ షరతుకే కాదు, ఇంకో పదింటికైనా తలూపేదాన్నే.

నాన్న నాకొక ఇత్తడి పంపు స్టవ్వు కొనిచ్చాడు. ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ స్టవ్వులో కిరసనాయిలు పోసి, పంపుతో గాలి కొడితే మంట వచ్చేది. ఆర్పాలంటే పక్కనున్న చిన్న మర వదులు చేసి గాలి తీసెయ్యాలి, బుస్సుమని గాలి పోయి మంట ఆరేది. ఒక రోజు స్కూలుకి వెళ్తూ వీధి మలుపు తిరిగాను, మనసులో ఎవరో అడిగినట్టయింది, ‘గాలి తీశానా?’ వెనక్కి వెళ్ళి చూశాను. తీసే ఉంది. మళ్ళీ మలుపు దాకా వచ్చాను, మళ్ళీ అదే ప్రశ్న. నా గది గోడకి అవతల పక్క పోర్షనులో పసిబిడ్డ తల్లి ఒకామె ఉండేది. గోడవతల ఆ బిడ్డ ఉయ్యాల. నేను గాలి తియ్యకపోతే స్టవ్వు పేలుతుంది, మంట గోడ దాటుతుంది, ఉయ్యాల అంటుకుంటుంది. ఇదంతా కళ్ళకి కట్టినట్టు కనపడేది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ ఆ భయం నవ్వులాట కాదు. స్టవ్వు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందని చూసుకునేదాన్ని, గుమ్మం దాటేసరికి ఆ చెయ్యి మీద నమ్మకం పోయేది.

క్లాసు మధ్యలో వదిలేసి ఇంటికి పరిగెత్తడం మొదలైంది. ఒకసారి విసిగిపోయి స్టవ్వునే గుడ్డ సంచిలో పెట్టుకుని స్కూలుకి తీసుకెళ్ళాను. మా పెద్ద టీచరు గారు సంచిలోకి తొంగి చూసి, “ఏమ్మా, ఇవాళ వంట పాఠమా?” అన్నారు. మంచావిడే, కానీ ఓర్పుకి హద్దుంటుంది కదా. సెలవులకి ముందు పిలిచి, “స్కూలు తెరిచాక ఒక్కసారి క్లాసు వదిలి వెళ్ళినా ఇన్‌స్పెక్టరు గారికి చెప్పేస్తానమ్మా, నన్ననుకుని లాభం లేదు” అన్నారు. ఉద్యోగం పోతే నందిగామ పోతుంది, నందిగామ పోతే నా గది, నా జీతం, నా ఇష్టం అన్నీ పోతాయి. ఆ దిగులుతోనే వేసవి సెలవులకి ఇంటికి వచ్చాను.

అక్కడ నిద్రలో కలవరించానట. “గాలి... గాలి పోయిందా... గాలి...” అని. అత్తయ్య తెల్లవారకుండానే నాన్నని లేపింది. “నే చెప్పలా? పిల్లకి నందిగామలో గాలి సోకిందిరా.”

“అది స్టవ్వు గాలి అత్తయ్యా” అన్నాను.

“విన్నావా, స్టవ్వులో దూరిందంట” అంది.

ఇంక నా మాట ఎవరు వింటారు? భూతవైద్యుడు డప్పులతో సహా దిగాడు. వీధి వీధంతా మా వసారాలోనే ఉంది. మూకుట్లో నిప్పులు పోయించి, వాటి మీద దోసెడు ఎండుమిరపకాయలు వేయించాడు. అవి మా చేలో పండినవే, ఆ ఏడు ఘాటు బాగా కుదిరిందని నాన్న అందరికీ చెప్పుకుంటూ ఉన్నాడు. ఆ సంగతి వైద్యుడికి తెలియదు. మొదట డప్పుల వాళ్ళు వీధిలోకి ఉరికారు, వాళ్ళ వెనక చుట్టాలు, వాళ్ళ వెనక భూతవైద్యుడు. అతను దగ్గు తగ్గాక వేపమండ పట్టుకుని మళ్ళీ లోపలికొచ్చి నా మీదికి ఎత్తాడు. నేను మూకుడు పట్టుకునే పట్టకారు అందుకున్నాను. “అది నా మీద పడితే ఇది నీ మీద పడుద్ది” అన్నాను. అతను కాసేపు ఆలోచించి, గాలి పోయిందని గుమ్మంలోంచే ప్రకటించి, భోజనం చేసి వెళ్ళాడు.

గాలి పోలేదు. తర్వాత దర్గా దగ్గరి సాయిబు తాతగారు తాయెత్తు కట్టారు. ఆయన తాయెత్తు గుణమేమో గానీ, “నిద్ర పడుతోందా తల్లీ?” అని మొట్టమొదట అడిగిన మనిషి ఆయనే, అందుకు ఇప్పటికీ ఆయన్ని తలుచుకుంటాను. ఆ తర్వాత ఆయుర్వేదం ఆచారి గారు తలకి పట్టించమని ఒక తైలం ఇచ్చారు, అది రాసుకుని వసారాలో కూర్చుంటే వీధికుక్కలు కూడా అటు గోడవారగా వెళ్ళేవి. ఇక పెళ్ళి చేసేస్తే అదే సర్దుకుంటుందని వచ్చిన ప్రతివాళ్ళూ వైద్యం చెప్పారు (ఆ మందు మింగాల్సిన పెళ్ళికొడుకు సంగతి ఎవరూ ఆలోచించలేదు). చివరికి మా ఊరి ఇంగ్లీషు డాక్టరు నరాల బలహీనతన్నాడు. రెండు చేతులూ వాచేదాకా సూదులు పొడిచి, నాన్నని పక్కకి పిలిచి, “ఇది నా వల్ల కాదండి, బెజవాడలో మనసు జబ్బులు చూసే డాక్టరున్నాడు, తీసుకెళ్ళండి” అన్నాడు.

దయ్యాన్ని వీధి మొత్తానికి చూపించిన మా అత్తయ్య, ఆ మాట వినగానే తలుపులన్నీ మూసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కలెక్టరయింది. “కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పండి. బస్సులో అడిగినా అదే, దారిలో అడిగినా అదే” అంది. కళ్ళకేమైందని ఎవరన్నా అడిగితే, “చదివి చదివి” అని చెప్పింది. చదివితే ఆడపిల్ల కళ్ళు పోతాయనేది అందరికీ ముందునుంచే నమ్మకమున్న సంగతి కాబట్టి, ఎవరూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

బెజవాడ డాక్టరు గారు అంతా విని, కొన్ని మాత్రలు రాసి, పక్క గదిలో ఉన్న ఒకావిడ దగ్గరికి పంపారు. తెల్లకోటు లేదు, మెడలో గొట్టం లేదు, నేత చీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. “నేను మందులు రాయనండి. సైకాలజీ చదివాను. డాక్టరు గారు మందులు చూసుకుంటారు, నేను అమ్మాయితో మాట్లాడతాను” అంది. మా నాన్నకి పాపం పెద్ద సందేహం వచ్చింది. “సూది లేదు, మందు లేదు, ఉత్త మాటలాండి? మాటలకైతే మా అక్క చాలదూ?” అన్నాడు. ఆవిడ నవ్వి, “మీ అక్కగారు మాట్లాడతారు, నేను వింటానండి” అని ఆయన్ని బయట బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ రోజు మొదటిసారి ఉయ్యాల సంగతి నోరు విప్పి చెప్పాను. ఆవిడ అయ్యో అనలేదు, నవ్వలేదు, దిష్టి తియ్యలేదు. “స్టవ్వు ఒక్కసారి ఆపు. చూసుకో. బయటికొచ్చెయ్. వెనక్కి వెళ్ళమని మనసు గోల చేస్తుంది, చెయ్యనీ. నువ్వు మాత్రం వెళ్ళకు. భయం ఎంత లేవాలో అంతా లేచి, దానంతటదే దిగుతుంది. ఆ కాసేపు చచ్చిపోతున్నట్టుంటుంది. చచ్చిపోవు” అంది.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అత్తయ్య, “కళ్ళజోడేది?” అంది. నిజమే కదా, కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పిల్ల ఉత్త మొహంతో వస్తే ఊరు ఊరుకుంటుందా? నాన్న మర్నాడే వెళ్ళి నల్ల ఫ్రేముకి సాదా అద్దాలు వేయించుకొచ్చాడు. పవరు లేదు. “నందిగామలో ఉన్నంతకాలం ఇది మొహం మీద ఉండాలి. లేదా నందిగామే లేదు” అంది అత్తయ్య. మనసుకి జబ్బొస్తే ముక్కుకి శిక్ష పడింది.

స్కూలు తెరిచారు. రోజూ స్టవ్వు ఆపి, ఒక్కసారి చూసి, వీధి చివరి సోడా కొట్టు దాకా నడిచి అక్కడ ఆగేదాన్ని. కాళ్ళు వెనక్కి లాగేవి, ఒళ్ళంతా చెమటలు. గోలీ సోడా చేత్తో పట్టుకుని ఏడ్చేదాన్ని. సోడా కొట్టు ఆయన జాలిపడి, “గాలి పట్టిందా అమ్మా, నిమ్మకాయ పిండమంటావా?” అనేవాడు. మాత్రలతో నిద్ర పట్టేది, ఆదివారాల్లో బెజవాడ వెళ్ళి ఆవిడతో మాట్లాడి వచ్చేదాన్ని, తక్కినదంతా ఆ సోడా కొట్టు దగ్గర నాకూ నా భయానికీ జరిగిన కొట్లాట. చాలా రోజులు అదే గెలిచేటట్టు కనిపించింది. నేనూ మొండిదాన్నే. వానాకాలం వెళ్ళేసరికి ఒకరోజు సోడా తాగకుండానే స్కూలుకి వెళ్ళిపోయాను, వెళ్ళిన సంగతి కూడా సాయంత్రం గుర్తొచ్చింది.

అలా ఉండగా ఇన్‌స్పెక్టరు గారు స్కూలు చూడటానికి వచ్చారు. నా క్లాసులో నిలబడి పెద్ద టీచరు గారికేదో కాగితం ఇచ్చి చదవమన్నారు. ఆవిడ కంగారులో కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. “అమ్మాయ్, నీది ఓసారి ఇవ్వు” అని నా మొహం మీది జోడు తీసి పెట్టుకున్నారు. కాగితం దగ్గరగా పెట్టుకున్నారు, దూరంగా పెట్టుకున్నారు. “ఇందులో పవరే లేదేంటమ్మా” అన్నారు.

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు చూసి, “షోకా?” అన్నారు.

అవునంటే అయిపోయేది. షోకుకి ఉద్యోగాలు పోవు. అత్తయ్య నేర్పిన అబద్ధం పక్కన ఆయన అందించిన అబద్ధం కూడా చేరేది, నేను బతికిపోయేదాన్ని. ఎదురుగా పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. సోడా కొట్టు దగ్గర అన్ని రోజులు ఏడ్చి గెలిచింది ఈ షోకు కోసమా అని నాకు ఒళ్ళు మండింది.

“షోకు కాదండీ. నాకు మనసుకి జబ్బు చేసింది. బెజవాడలో ఆ డాక్టరు గారి దగ్గరికి వెళ్తున్నా. కళ్ళ డాక్టరని చెప్పమని మా ఇంట్లో ఈ జోడు పెట్టారు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. పాఠం కూడా బాగానే చెబుతున్నా, పిల్లల్ని అడిగి చూడండి” అన్నాను.

ఆయన పెద్ద టీచరు గారి వైపు తిరిగి, “ఇట్లాంటి వాళ్ళ చేతికి పిల్లల్ని ఎట్లా అప్పజెప్తామండీ?” అన్నారు. పెద్ద టీచరు గారు కళ్ళజోడు తీసి నా బల్ల మీద పెట్టారు. “స్కూలు తెరిచాక ఈ అమ్మాయి ఒక్కరోజు కూడా క్లాసు వదిలి వెళ్ళలేదండి. మిగతావాళ్ళం కూర మాడుతోందని వెళ్ళినవాళ్ళమే” అన్నారు. ఆయన పిల్లల వైపు తిరిగి లెక్కలడిగారు. వాళ్ళు చెప్పారు, నా ముద్దుల పిల్లలు, ఒక్కటి తప్పకుండా చెప్పారు.

వెళ్ళేటప్పుడు ఇన్‌స్పెక్టరు గారు నన్ను గేటు దగ్గరికి పిలిచారు. అటూ ఇటూ చూసి, “ఆ డాక్టరు గారు బెజవాడలో ఎక్కడుంటారండీ? మా తమ్ముడికి... కళ్ళు బాలేదు” అన్నారు.

“కళ్ళకైతే అంత దూరం ఎందుకండీ, నందిగామలోనే చూస్తారు. మనసుకైతే చెప్తా” అన్నాను.

ఆయన చెప్పుల వైపు చూసుకున్నారు. “మనసుకే” అన్నారు. చెప్పాను.

ఈ కబురు బస్సు కంటే ముందు జగ్గయ్యపేట చేరింది. ఆ ఆదివారమే అత్తయ్య దిగింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా, “పెట్టె సర్దు” అంది. “నలుగురిలో పిచ్చిదాన్నని చెప్పుకున్నావంటగా. ఇంక నీకు ఉద్యోగమెందుకు, ఊరెందుకు, పద.”

“స్టవ్వు కోసమే వెనక్కి వెళ్ళడం మానేసినదాన్ని. నువ్వు పిలిస్తే వస్తానా అత్తయ్యా?” అన్నాను.

ఆవిడ మంచం మీద కూలబడింది. నేను స్టవ్వు వెలిగించి కాఫీ పెట్టాను. ఇద్దరం తాగాం. కాసేపటికి, “ఇంతదూరం వచ్చా గదా, ఏటి ఒడ్డుకెళ్ళి మునేరు చూసెళ్తా” అని ఏదో సాకు చెప్పి లేచింది. నేను స్టవ్వు మర తిప్పి, తలుపుకి తాళం వేసి, ఆవిడకి ఏరు చూపించి బస్సెక్కించడానికి బయల్దేరాను. సోడా కొట్టు దాటాం. అత్తయ్య ఉన్నట్టుండి ఆగిపోయి, వెనక్కి తిరిగి, నా చెయ్యి పట్టుకుంది.

“గాలి తీశావా?”

“తీశా.”

“ఓసారి చూసొద్దామా?”

“వద్దు” అన్నాను. ఆవిడ కలెక్టరు కదా, అయినా నా వెంట నడిచింది.

ఇప్పుడు నాకు నిజమైన కళ్ళజోడే ఉంది, పవరు కూడా దండిగానే ఉంది. గ్యాసు పొయ్యి వచ్చింది. ఒక్కోసారి గుమ్మం దాటాక మనసు పాత అలవాటుతో ‘ఆపావా?’ అంటుంది. అప్పుడు మొహాన పవరు లేని జోడుతో, చేతిలో గోలీ సోడాతో, ఏడుస్తూ కూడా వెనక్కి అడుగెయ్యని ఆ పిల్ల కళ్ళముందు నిలబడుతుంది. దాన్ని చూస్తే నాకు ముద్దొస్తుంది, కొంచెం భయం కూడా వేస్తుంది. ‘ఆపాలేవే’ అని దానికి చెప్పి, ముందుకి నడుస్తాను.