మా చాల్ మెట్ల కింద ప్లగ్గు

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువే. కానీ ఆ ఆదివారం పడ్డంత భయం నేను ఎప్పుడూ పడలేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఆరు నిండితే పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంటర్నెట్ కంపెనీలో మా పని ఏమిటంటే, పెద్ద తెరల ముందు కూర్చుని ఎక్కడ లైను పడిపోయిందో చూడటం. ఆకుపచ్చ చుక్క ఎర్రబడితే టికెట్, అంటే ఫిర్యాదు నమోదు, తెరవాలి, కూర్చున్న చోటి నుంచే బాగుచేయగలిగితే చేయాలి, లేకపోతే ఫీల్డ్ ఇంజనీర్‌ను పంపాలి. ఆ లైను బాగయ్యేదాకా అందరం ఒకే కాల్‌లో ఉంటాం. ప్రతి మాటా రికార్డవుతుంది. అందరికంటే జూనియర్‌ని నేనే. తప్పు కమాండ్ కొట్టి సగం ముంబయిని మూగ చేసేస్తానేమోనని కీబోర్డు ముట్టుకోవాలన్నా వణుకే.

దానికి తోడు నేను కొనితెచ్చుకున్న భయం ఇంకొకటి. ఎక్కడుంటావని అడిగిన వాళ్ళందరికీ దాదర్ అని చెప్పాను. ఉండేది కామాటిపురాలో. ఇళ్ళు కట్టే కూలిపనికి మహబూబ్‌నగర్ వైపు నుంచి మా ముత్తాత వచ్చినప్పటి నుంచీ వరండా పొడవునా గదులుండే అదే చాల్, అదే ఒంటి గది ఖోలీ. మా గల్లీలో ఉండేది టైలర్లు, డ్రైవర్లు, ఇళ్ళలో వంట చేసే మా అమ్మలాంటి వాళ్ళు. అయితే ఏం, పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది ఎర్రదీపాల వీధులే కదా! కాలేజీలో ఒక్కసారి నిజం చెప్పిన పాపానికి, మర్నాడు వెనక బెంచీ వాడొకడు రేటెంత అని అడిగాడు. వాడి నోరు పడిపోను! క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను దాదర్ పిల్లనే. హెచ్ఆర్ దగ్గర నా కాగితాల్లో ఏముందో ఎవరూ చదవరు, భోజనాల దగ్గర చెప్పే మాటే అడ్రసు. ఇంకొక్క నెల ఎవరికీ తెలియకుండా గడిస్తే చాలని రోజూ దండం పెట్టుకునేదాన్ని.

ఆ ఆదివారం మా గల్లీలో పోచమ్మ బోనాలు. పొద్దున్నే షిఫ్టుకు బయల్దేరినప్పుడు మెట్ల కింద మైకు సెట్టు అతను వైరు చేతిలో పట్టుకుని ప్లగ్గు కోసం వెతుకుతున్నాడు. ఆ వైరు దాటుకుని వెళ్ళిపోయాను.

పదకొండింటికి తెర మీద ఎర్ర చుక్క. ఫోరస్ రోడ్ పక్కన ఒక చిన్న ఆసుపత్రి, దాని చుట్టుపక్కల ఇంకొన్ని కనెక్షన్లు, అన్నీ ఒక్కసారే పడిపోయాయి. టికెట్ నా పేరు మీదికే వచ్చింది. అన్నింటికీ లైను పంచే పెట్టె ఒకటి మధ్యలో ఉంటుంది. దాన్ని ఎంత పలకరించినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆ పెట్టె ఎక్కడుందో రికార్డు తెరిచి చూశాను. మా గల్లీ. మా చాల్. మెట్ల కింద.

ఏం జరిగిందో నాకు ఆ క్షణమే అర్థమైంది. మెట్ల కింద అందరికీ కలిపిన మీటరు మీద ఉన్నది ఒకే ఒక్క ప్లగ్గు పాయింటు. గణపతికైనా, పెళ్ళికైనా, బోనాలకైనా మా వాళ్ళు చేసేది ఒకటే పని. పెట్టె ప్లగ్గు పీకేసి మైకు ప్లగ్గు పెడతారు, సాయంత్రం ఎవరికైనా గుర్తొస్తే మళ్ళీ మారుస్తారు. ఇన్నేళ్ళూ లోపలి బ్యాటరీ అంతసేపూ లాక్కొచ్చేది. ఈసారి దానికి ఓపిక అయిపోయినట్టుంది.

"కేబుల్ తెగింది. తవ్వే వాళ్ళను పిలవండి" అన్నాడు మా షిఫ్ట్ లీడ్. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. తవ్వడమంటే ఆ రోజుకు లైను రానట్టే. ఫీల్డ్ ఇంజనీర్ కాల్‌లో మొత్తుకుంటున్నాడు: "సార్, ఇక్కడ గల్లీలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. డప్పులు, జనం. పెట్టె ఎక్కడుందో అంతు చిక్కట్లేదు." ఇంకో ఫోన్లో ఆసుపత్రి ఆవిడ, రక్తం రిపోర్టులు డాక్టర్లకు చేరడం లేదని నా మీద అరుస్తోంది.

నాకు తెలుసు. ఒక్క మాట చాలు. కానీ నీకెలా తెలుసు అని అడిగితే? కడుపులో తిప్పుతోందని చెప్పి బాత్‌రూములోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, అమ్మకు ఫోన్ చేశాను.

"ఏమైంది బిడ్డా? తిన్నవా?"

"అమ్మా, జల్ది మెట్ల కిందికి పో. మైకాయన ఒక తెల్ల ప్లగ్గు పీకి పెట్టి ఉంటడు. దాన్ని మళ్ళ పెట్టు."

"మరి మైకు?"

"మైకుకు పక్క ఖోలీలకెల్లి వైరు గుంజుకొమ్మను. నా నౌకరి మీదికొచ్చిందే అమ్మా, పో!"

అమ్మ ఇంకేమీ అడగలేదు. నౌకరి అన్న మాట వింటే ఆమె పరిగెడుతుంది. నా పేరు ఎత్తొద్దని మాత్రం చెప్పడం మరిచిపోయాను. మట్టి బుర్ర!

సీట్లోకి వచ్చి కూర్చున్న కాసేపటికి చుక్క ఆకుపచ్చగా మారింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలోనే ఫీల్డ్ ఇంజనీర్ గొంతు హుషారుగా వచ్చింది.

"సార్, దొరికింది! ఎవరో ప్లగ్గు పీకారు. ఒక ఆంటీ వచ్చి పెట్టింది. నా మెడలో కార్డు చూసి, వాళ్ళ అమ్మాయి కూడా మన ఆఫీసేనంటోంది. ఇదిగో, స్పీకర్ పెట్టాను."

డప్పుల మోత మధ్య, నా రెండు చెవుల్లోనూ మా అమ్మ గొంతు. వచ్చీరాని హిందీ. "మేరీ బేటీ కంప్యూటర్ మే బైఠ్‌తీ హై, సాబ్." మా అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంటుందని ఎంత గర్వంగా అంటోందో!

"కామాటిపురా నుంచి మన దగ్గరా?" అని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకడు ఏదో గొణిగాడు, ఇద్దరూ కలిసి నవ్వారు. షిఫ్ట్ లీడ్ నా వైపు తిరిగాడు. "టికెట్ నీదే కదా. త్వరగా జవాబు చెప్పి కాల్ మూసెయ్."

నా హెడ్‌సెట్ మైకు తెరిచాను. అందరి కళ్ళూ నా వీపు మీదే ఉన్నట్టనిపించింది. గొంతు మార్చి, ఇంగ్లీషు యాస తెచ్చిపెట్టుకుని, హిందీలో అన్నాను: "నహీ. అలాంటి వాళ్ళు మా దగ్గర ఎవరూ లేరు."

అటువైపు డప్పులు మోగుతూనే ఉన్నాయి. అమ్మ మెల్లగా, "అచ్ఛా బేటా. గల్తీ హో గయీ. దూస్రీ కంపెనీ హోగీ" అంది. పొరపాటైంది, వేరే కంపెనీ అయి ఉంటుందట. టికెట్‌లో 'కరెంటు పోయింది, వచ్చింది' అని రాసి మూసేశాను. లీడ్ శభాష్ అన్నాడు.

సాయంత్రం ఇంటి మెట్లు ఎక్కుతుంటే ఆఫీసులో కంటే ఎక్కువ భయమేసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. అమ్మ బోనం అన్నం, పెరుగు పళ్ళెంలో పెట్టి నా ముందుకు జరిపింది. తలుపు దగ్గరికి వేసి, నా పక్కన కూర్చుని, గొంతు బాగా తగ్గించింది.

"నీ గొంతు నేను గుర్తువట్టిన్నని ఆళ్ళకు తెల్వలే గదా బిడ్డా?"

కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశాను.

"నేను పిచ్చిదాన్ని, నోరు ఆగలే. నా వల్ల నీ నౌకరికి ఏం గాదు గదా?"

ఏం కాదమ్మా అన్నాను. నాదే తప్పు అనాలి. సిగ్గుతో ఆ మాట రాలేదు, ఏడుపొచ్చింది. నా ఏడుపు చూసి నౌకరి పోయిందేమోనని ఆమె ఇంకా భయపడింది.

మరుసటి నెల పర్మనెంట్ అయ్యాను. ఆ తర్వాత చాలాసార్లు చెప్పాను, నువ్వేం తప్పు చేయలేదే అమ్మా అని. సరే అంటుంది. కానీ ఆఫీసు నుంచి ఫోన్ వస్తే చాలు, ఇప్పటికీ పొయ్యి కట్టేసి చప్పుడు చేయకుండా బయటి వరండాలోకి వెళ్ళి నిలబడుతుంది. ఫోన్ పెట్టేశాను రా అని నేను పిలిచేదాకా లోపలికి రాదు.