ఊదకూడని ఆరు వారాలు

నాకు సిగరెట్ అలవాటు లేదు, గుట్కా ముట్టను. అందుకే పళ్ల డాక్టరమ్మ అడిగిన ప్రతి ప్రశ్నకూ ఛాతీ విరుచుకుని జవాబు చెప్పాను. నా జ్ఞానదంతం అడ్డంగా మొలిచి, పక్కనున్న మంచి పన్ను వెనకాల ఎముకను తినేసింది. ఆమె దాన్ని పీకి, ఆ గుంతలో ఎముక పొడి నింపి, పైన పల్చటి పొర కప్పి కుట్లు వేసింది. పొడి కదలకుండా ఉంటేనే కొత్త ఎముక కడుతుందట. లేకపోతే ఆ మంచి పన్ను కూడా కదిలిపోతుంది.

"సిగరెట్ తాగొద్దు, స్ట్రా పెట్టి జ్యూస్ తాగొద్దు, గట్టిగ ఉమ్మొద్దు అంకుల్."

"గవేవీ లేవమ్మా. ఫికర్ చెయ్యకు," అన్నాను.

హుస్సేనీ ఆలంలో మా ఇంటి ముందుగదే మా కార్ఖానా. వెండి పట్టీలు చేస్తాం. సన్నటి రింగులకు గ్యాస్ మంట పెడితే కరిగి ముద్దవుతాయి. దీపం మంటను ఊదుగొట్టంతో మళ్లించి, నోటి గాలితోనే టంకం పెట్టాలి. నాలుగో రోజు నొప్పి తగ్గగానే గొట్టం పట్టుకుని బుగ్గలు పూరించి ఊదాను. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని, అది కూడా తప్పు కిందికి వస్తుందని బుర్రకు తట్టనే లేదు. కాసేపటికి నాలుక మీద ఇసుకలాంటిది తగిలింది, వెంటనే రక్తం ఉప్పగా. నిజంగా భయమేసి ఆసుపత్రికి పరుగెత్తాను.

"నోటితోని ఊదే పని అని చెప్పలేదేంది?" అంది డాక్టరమ్మ.

"మీరు అడగలే కదమ్మా," అన్నాను, అదీ ధీమాగానే.

ఆమె నవ్వలేదు. పైపొడి మాత్రమే పోయిందని చెప్పి, మళ్లీ నింపి కుట్టింది. "ఆరు వారాలు ఊదుడు బంద్. ఈసారి పోతే ఆ పన్ను మీద ఆశ ఇడిసిపెట్టుండ్రి."

పెళ్లివాళ్ల పట్టీలు సగంలో ఉన్నాయి. మా ఇళ్లలో ఊదుగొట్టం మగవాళ్లదే, ఆడవాళ్లు కుంకుడు రసంలో బ్రష్‌తో రుద్ది మెరుగు పెడతారు. ఇంట్లో మరో మగవాడు లేడు. పాతికేళ్లుగా పక్కన కూర్చుని మెరుగు పెడుతున్న నా భార్య లేచి వచ్చింది.

"జర్ర జరుగుండ్రి. మీరు చెప్పుండ్రి, నేను ఊదుత."

మొదటిరోజు ఆమెకు కళ్లు తిరిగాయి, మంట వణికింది. నేను లోలోపల నవ్వుకున్నాను. వారం తిరిగేసరికి అతుకు ఎక్కడుందో గోరుతో గీకినా తెలియలేదు. నాకు కడుపు మండింది. ఆరు వారాలు గడిచాక కూడా, పన్ను పూర్తిగా గట్టిపడే దాకా తనే ఊదుతానంది. నా పీట మీద ఆమే ఉండిపోయింది.

ఆరు నెలలకు ఎక్స్‌రేలో నల్లటి గుంత ఉన్నచోట తెల్లగా ఎముక కనిపించింది. "మస్తు గట్టిపడ్డది అంకుల్. ఇగ మీ ఇష్టం, ఊదుకోండ్రి." నేను గెలిచినవాడిలా ఇల్లు చేరి, ఆ మాట గుమ్మంలోంచే చెప్పాను.

నా భార్య చేతిలోని రింగు అతికించాకే తలెత్తింది. ముఖం నిజంగానే వెలిగింది. "మంచిగైంది. కుంకుడు రసం కలిపిపెట్టిన, బ్రష్ వట్టుకొని కూసోండ్రి," అని మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకుంది.

నా పీట నాకు ఇమ్మని అడుగుదామనుకున్నాను. ముందు ఆమె పూర్తిచేసిన పట్టీని వెలుతురులో పెట్టి రింగు రింగూ చూశాను. నా పనితనం కన్నా బాగుంది. బ్రష్ అందుకున్నాను.