ఎడమ పెడల్ ఎటు తిరుగుతుంది

ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ మీద ఒట్టేసి రాస్తున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇప్పటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనివ్వండి. ఈసారి నేను తమాషాకు రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను.

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటిగా లేస్తున్న రోజుల్లో, మా జొన్నచేను కూడా ఒక ఫ్యాక్టరీ గోడ లోపలికి వెళ్ళిపోయింది. చేను పోయాక మా అన్న ఆ గోడకే ఇటుకలు మోసేవాడు. రాత్రి అన్నానికి కూర్చుంటే వాడి వేళ్ళు ముడుచుకునేవి కావు. మా అమ్మ కలిపి ముద్దలు పెడుతుంటే చంటిపిల్లవాడిలా నోరు తెరిచేవాడు. ఆ నోరు చూస్తే నాకు భయం వేసేది.

పొద్దున షిఫ్టు వేళకు బొంబాయి రోడ్డు మీద సైకిళ్ళు చీమల బారులా సాగేవి. మా నాన్న ఆ బారును చూసి చూసి, చర్చి వెనుక రేకుల షెడ్డులో చర్చివాళ్ళు పిల్లలకు సైకిల్ మరమ్మతు నేర్పిస్తున్నారని తెలుసుకుని, ఎండాకాలం సెలవుల్లో నన్ను తీసుకెళ్ళి అప్పగించాడు. "ఇన్ని సైకిళ్ళున్నయి, పంచర్లు కాకుండ ఉంటయా? పని నేర్చుకో. లేకుంటే ఇగ మీ అన్న ఎంబడి ఇటుకలకే," అని చెప్పి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

అక్కడ నేర్పే ఉస్తాద్ సంగారెడ్డి బజారులో పేరుమోసిన మెకానిక్. మీసం మీద పిచ్చుక వాలినా అది ఎగిరిపోకుండా పని చేయగలడు. వంకర పోయిన చక్రాన్ని ఒకసారి తిప్పి, కళ్ళు మూసుకుని, చప్పుడును బట్టి ఏ స్పోకు వదులైందో చెప్పేవాడు. ఇంత విద్య ఉన్న మనిషి మాకు ఒక్క ముక్కా నేర్పేవాడు కాదు. చక్రం సరిచేసే సమయానికి మా వైపు వీపు తిప్పి కూర్చునేవాడు. ఎవరైనా మెడ సాచి చూడబోతే, "నా ఉస్తాద్ నాకు చెప్పిండా? దొంగసాటున సూసి నేర్చుకున్న. మీరు గూడ గట్లనే నేర్చుకోన్రి," అనేవాడు. ఆ కాలపు ఉస్తాదులు చాలామంది అంతే. పని చూపిస్తే రేపు ఎదురుగానే దుకాణం పెడతారని వాళ్ళ భయం. నేర్పడానికే ఒప్పుకుని వచ్చిన చోటికి కూడా మా ఉస్తాద్ ఆ భయాన్ని వెంట తెచ్చుకున్నాడు.

మాతో పాటు మా పక్కింటి అక్క కూడా ఆ శిక్షణలో చేరింది. ఆమె చర్చి బడిలో పంతులమ్మ. ఊరి నుంచి బడికి సైకిల్ మీద వెళ్ళేది. దారిలో చైన్ ఊడితే మగవాళ్ళు చుట్టూ నిలబడి పళ్ళికిలించేవారని, ఇక తన సైకిల్ తానే బాగుచేసుకోవాలని వచ్చింది. ఉస్తాద్ ఆమెకు పానా ఇవ్వలేదు. పంచర్లు చూసే తొట్టిలో నీళ్ళు మార్చమన్నాడు.

ఒకరోజు పొద్దున్నే ఉస్తాద్ నన్ను పిలిచి, తుప్పు పట్టిన ఒక సైకిల్‌ను నా ముందు పడేశాడు. "గా ఎడమ పెడల్ ఇప్పు. సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ కూసేలోపట నా చేతుల ఉండాలె. లేకుంటే రేపటి సంది రాకు," అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ముందురోజే ఒక సైకిల్‌కు కుడి పెడల్ అవలీలగా విప్పాను. అదే ధీమాతో పానా పెట్టి, నిన్న తిప్పిన వైపే తిప్పాను.

కదల్లేదు. రెండు చేతులతో లాగాను. కాలు తన్నిపెట్టి లాగాను. నేను లాగే ఊపుకు సైకిల్‌తో పాటు షెడ్డు కూడా రెండడుగులు రోడ్డు వైపు జరిగింది. పెడల్ మాత్రం జరగలేదు. రేకుల కింద ఎండ మాడుస్తుంటే, పానా జారి వేళ్ళ కణుపులు ఇనుముకు కొట్టుకుని తోలు లేచిపోయింది. ఉస్తాద్ బజారు దుకాణం నుంచి తెచ్చుకున్న ఇద్దరు పాత శిష్యులు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వారు.

"ఏం పహిల్వాన్, పొద్దుగాల అంబలి తాగలేదా? జెర జోరుగ గుంజు!" అన్నాడు ఉస్తాద్.

గుంజాను. నెత్తురు పానా మీదికి కారింది. "శాబాష్, ఇంకా గుంజు!" అన్నాడు. ఇంకా గుంజాను. నా కళ్ళ ముందు పెడల్ లేదు, అన్నం ముందు నోరు తెరిచిన మా అన్న ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఉస్తాద్, శిష్యులు చాయ్ తాగడానికి వెళ్ళారు. అక్క తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చి నా ముందు కూర్చుంది. పాత సామాను డబ్బాలోంచి తీసిన రెండు పెడళ్ళు నా ఒళ్ళో పెట్టింది.

"తమ్మీ, నీ చెయ్యి తర్వాత కడుగుత. ముందుగాల వీటిని సూడు. మర చుట్లు రెండిటికి ఒక్క తీరుగ ఉన్నయా?"

చూశాను. కుడిదాని చుట్లు ఒకవైపు వాలి ఉన్నాయి, ఎడమదానివి రెండోవైపు.

"తొక్కేటప్పుడు ఊడకుండ ఎడమదానికి ఉల్టా మర పెట్టిండ్రు. నువ్వు పొద్దుగాల సంది దాన్ని ఇప్పుతలేవు, బిర్రు చేస్తున్నవ్."

"ఆయనకు తెల్వదా అక్కా?"

"తెల్వకుంటనా? నాకు తెల్వదు గని, గా పోరగాండ్లు ఎందుకు నవ్వుతున్నరా అని డబ్బాల చెయ్యి పెట్టిన. ఇగ లే, కిరసనాయిలు పట్టుకరా."

పెడల్ మొదలు దగ్గర కిరసనాయిలు పోసి నాననిచ్చాం. పానాకు పొడుగాటి పైపు తొడిగాం. ఇద్దరం కలిసి రెండోవైపుకు బలం పెట్టాం. పొద్దంతా నేను బిగించిన బిగువు అంత తేలిగ్గా వదల్లేదు. చివరికి కిర్రుమన్న చప్పుడుకు సంగారెడ్డి దాకా కుక్కలు మొరిగాయి. పెడల్ నా చేతిలోకి వచ్చాక సైరన్ కూసింది.

ఉస్తాద్ అప్పుడే షెడ్డులోకి వస్తున్నాడు. పెడల్ ఆయన అరచేతిలో పెట్టి కళ్ళలోకి చూశాను. "ఉస్తాద్, పని దాసుకున్నవ్, సరే. నెత్తురొస్తుంటే ఇంకా గుంజుమని ఎందుకన్నవ్? గా ఒక్క మాట చెప్తే నీ గంటెడు అన్నం పోతదా? నేను మాత్రం అడిగినోనికి, అడగనోనికి గూడ చెప్త. నీ దుకాణం ముంగట నిలబడి చెప్త!" అన్నాను. ఉస్తాద్ తల దించుకున్నాడు. భుజం మీది గుడ్డ తీసి నా చేతికి కట్టు కట్టాడు.

తర్వాత నేను ఫ్యాక్టరీ గేటు దగ్గర దుకాణం పెట్టుకున్నాను. ఈ కథ విన్న పెద్దమనుషులు, "అంత కష్టపడితేనే పని గట్టిగ వస్తది, నీ మంచికే చేసిండు," అంటారు. వాళ్ళ మీద కూడా నాకు కోపమే. ఒక్క మాటలో వచ్చే విద్యకు ఒక పిల్లవాడి చేతి తోలు తీసుకోవడం మంచి ఎలా అవుతుంది? ఆ ఎండలో నాకు పని నేర్పింది మా అక్క. నా దగ్గర చేరిన ప్రతి పిల్లవాడికీ, మొదటిరోజు, పానా ఇవ్వకముందే రెండు పెడళ్ళు ఒళ్ళో పెడతాను. వాళ్ళలో ఇద్దరు నా ఎదురుగానే దుకాణాలు పెట్టారు. పెట్టుకోనీ.

ఇక దుర్గమ్మ ముందు తప్పించుకోలేను కాబట్టి చెబుతున్నాను. పిచ్చుక, జరిగిన షెడ్డు, మొరిగిన కుక్కలు ఎలాగూ మీరే పట్టుకుని ఉంటారు. అసలు కల్పించింది వేరే ఉంది. ఉస్తాద్‌తో నేను ఆ మాటలు అనలేదు. ఆయన తల దించుకోలేదు, కట్టూ కట్టలేదు. పెడల్ తీసుకుని డబ్బాలో పడేసి, "రేపు జల్దీ రా," అన్నాడు. నేను, "సరే ఉస్తాద్," అన్నాను.

ఆ మాటలన్నీ సాయంత్రం ఇంటికి నడుస్తూ దారిలో కూర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరైనా కొత్త పిల్లవాడు ఎడమ పెడల్ ముందు కూర్చుంటే చాలు, అవి నా గొంతులోకి వస్తాయి. అది ఎటు తిరుగుతుందో వాడికి చెప్పేదాకా దిగవు.